గుంట ఛాతీకి నస్ ఆపరేషన్: బార్ పెట్టిన రోజు నుంచి తీసిన రోజు వరకు

మా అబ్బాయి ఛాతీలోంచి, గుంటని లోపలి నుంచి ఎత్తి పట్టుకునే లోహపు బార్ తీసేసి నాలుగు నెలలైంది. మూడేళ్ళ క్రితం ఈ ఆపరేషన్ గురించి ఎవరైనా తెలుగులో ఒక్క ముక్క రాశారేమో అని రాత్రుళ్ళు ఫోన్ పట్టుకుని వెతికాను, అప్పుడు దొరకనిదంతా ఇప్పుడు నేనే రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను. ఆపరేషన్‌కి ఐదుకి ఐదు. చేసిన సర్జన్ గారికీ అంతే. ఆపరేషన్ అయిన రోజు రాత్రి వార్డులో జరిగినదానికి మాత్రం ఐదుకి రెండు కూడా ఇవ్వలేను. అంతకుముందు రెండేళ్ళు "ఏం లేదు పొండి" అని మమ్మల్ని పంపించిన చోటుకైతే ఒక్కటి కూడా ఇవ్వను.

సమస్య ఏంటో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. రొమ్ము మధ్యలో ఉండే ఎముక వెన్ను వైపు నొక్కుకుపోయి ఛాతీలో గుంట పడుతుంది. దీన్ని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. ఛాతీ ఆకారంలో పుట్టుకతో వచ్చే తేడాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, అదీ ఆడపిల్లల కంటే మగపిల్లల్లో చాలా ఎక్కువ. పక్కటెముకల్ని రొమ్ము ఎముకకి కలిపే మెత్తటి ఎముక ఉంటుంది కదా, మృదులాస్థి అంటారు, అది పెరగాల్సిన తీరులో పెరగకపోవడం వల్ల ఇలా అవుతుందని మాకు చెప్పారు. మా వాడికి పసితనంలో చిన్న సొట్టలా ఉండేది, స్నానం చేయించేటప్పుడు అందులో నీళ్ళు నిలిచేవి, అంతకుమించి నేనేం ఆలోచించలేదు. పన్నెండు దాటాక ఒక్కసారిగా పొడుగు సాగాడు, పొడుగుతో పాటే గుంట కూడా లోతైపోయింది. భుజాలు ముందుకి వంచి నడవడం మొదలుపెట్టాడు. వదులు చొక్కాలే వేసుకునేవాడు. తలుపు గడియ పెట్టుకోకుండా బట్టలు మార్చుకునేవాడు కాదు. ఆటలో మిగతావాళ్ళు ఇంకా పరిగెడుతుంటే వీడు నడుం మీద చేతులు పెట్టుకుని పక్కకి వచ్చి నిలబడేవాడు, అడిగితే "ఏం లేదమ్మా, బోర్ కొట్టింది" అనేవాడు. బోర్ కాదు, ఆయాసం. అది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

మొదట చూపించిన డాక్టరు గారు చొక్కా విప్పించి, రెండు నిమిషాలు చూసి, స్టెతస్కోపు పెట్టి, "ఎదిగే వయసు కదమ్మా, వ్యాయామం చేయించండి, కండ పడితే అదే కప్పేస్తుంది" అన్నారు. స్కాన్ లేదు, గుండె పరీక్ష లేదు, కనీసం టేపు పెట్టి కొలిచింది కూడా లేదు. మేము ఆ మాటే నమ్మి రెండేళ్ళు వాడి చేత దండీలు తీయించాం. ఎముక లోపలికి ఉంటే కండ దాన్ని పైకి ఎలా లేపుతుంది? పక్కన కండలు పెరిగేసరికి మధ్యలో గుంట ఇంకా కొట్టొచ్చినట్టు కనపడింది. వ్యాయామం వల్ల నడక, నిలబడే తీరు బాగుపడతాయి, అది నిజమే, చేయించాలి కూడా. కానీ వైద్యం అదొక్కటే అన్నట్టు చెప్పడం వల్ల మాకు రెండేళ్ళు పోయాయి, ఆ రెండేళ్ళలో వాడు తనలో తాను ముడుచుకుపోయాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

రెండో చోట, అంటే చివరికి ఆపరేషన్ చేయించిన చోట, తేడా మొదటి రోజే తెలిసింది. వాళ్ళు కొలిచారు. సి.టి. స్కాన్‌లో ఛాతీ లోపలి వెడల్పు ఎంత, గుంట బాగా లోతుగా ఉన్నచోట రొమ్ము ఎముకకి వెన్నెముకకి మధ్య దూరం ఎంత అని చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్యని హాలర్ ఇండెక్స్ అంటారు. మామూలుగా అది 2.5 దగ్గర్లో ఉంటుంది. 3.25 దాటితే తీవ్రంగా ఉన్నట్టు లెక్క, ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మా వాడికి వెడల్పు 25.3 సెంటీమీటర్లు, ఎముకల మధ్య మిగిలింది 5.5 సెంటీమీటర్లు. అంటే 4.6. సర్జన్ గారు స్క్రీన్ మీద గీత గీసి చూపించినప్పుడు గుండె ఎడమ పక్కకి జరిగి, ముందు నుంచి ఎముక దాని మీద ఆనుకుని ఉండటం నాలాంటిదానికి కూడా తెలిసిపోయింది. నా కాళ్ళల్లో సత్తువ పోయింది. వాడు మాత్రం, నమ్మండి, తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అంటే నేను బద్ధకిస్టుని కాదన్నమాట" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఇంకో సంగతి ఇక్కడే తెలిసింది. కూర్చోబెట్టి ఊపిరితిత్తుల పరీక్ష చేస్తే వాడికి దాదాపు మామూలుగానే వచ్చింది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి అలాగే వస్తుందట. సైకిల్ తొక్కిస్తూ, ముఖానికి మాస్క్ పెట్టి చేసే పరీక్షలో అసలు విషయం బయటపడింది. శ్రమ పెరిగేకొద్దీ గుండె పంపే రక్తం పెరగాలి, అక్కడ చోటు చాలక వాడికి అది తొందరగానే ఆగిపోతోంది. ఎకోలో గుండె కుడి గది నొక్కుకుపోయి కనిపించింది. ఈ పిల్లల్లో కొందరికి గుండెలోని మైట్రల్ కవాటంలో తేడా ఉంటుంది, కొందరికి వెన్ను పక్కకి వంగి ఉంటుంది, కొందరికి మార్ఫాన్ సిండ్రోమ్ (ఒంట్లో అవయవాల్ని పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే పుట్టు జబ్బు) ఉంటుంది. అందుకే వాడి వేళ్ళు, చేతుల పొడవు, వెన్ను, కళ్ళు అన్నీ చూశారు. ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అందం కోసం చేయించుకునే ఆపరేషన్ అని తిప్పి పంపితే మళ్ళీ మాకు అక్కరకొచ్చింది ఈ కాగితాలే. అన్ని రిపోర్టులూ ఒక ఫైల్లో పెట్టుకోండి, ఒక్కటి కూడా పారేయకండి.

ఆపరేషన్ లేకుండా ఏమైనా ఉందా అని అడిగాం. వాక్యూమ్ బెల్ అని ఒకటుంది. గుంట మీద కప్పులా పెట్టి గాలి లాగేస్తే ఎముక పైకి లేస్తుంది, రోజూ గంటల తరబడి, నెలలూ ఏళ్ళూ పెట్టుకోవాలి. దాన్ని తయారుచేసిన ఎకార్ట్ క్లోబ్ అనే జర్మన్ ఇంజినీరుకి కూడా ఇదే సమస్య ఉండేదట. చిన్న వయసులో, ఛాతీ మెత్తగా ఉండి, గుంట లోతు తక్కువైతే బాగా పనిచేస్తుంది. మా వాడికి పదిహేనేళ్ళు, లోతు ఎక్కువ. "కొని ఇంట్లో పెట్టుకుంటే మీకు ఆశ పెరగడం తప్ప గుంట తగ్గదు" అని సర్జన్ గారు మొహమాటం లేకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అదే రోజు బయట కూర్చున్నప్పుడు ఒక అమ్మాయి వచ్చింది, ఆ పిల్లకి మాకు తిరగేసి, రొమ్ము ఎముక ముందుకి పొడుచుకొచ్చింది. పావురం రొమ్ము అంటారు, డాక్టర్ల భాషలో పెక్టస్ కారినేటమ్. వాళ్ళకి చాలావరకు కత్తి పడదు, ముందు నుంచి నొక్కి పట్టే బెల్టు లాంటి బ్రేస్‌తోనే సరిచేస్తారు. ఎముక గట్టిపడిపోయిన వాళ్ళకైతే రొమ్ము ఎముక పైనుంచి, చర్మం కింద బార్ పెట్టి నొక్కే అబ్రామ్సన్ ఆపరేషన్ ఉంది. రెంటినీ కలిపేసి ఒకరి వైద్యం ఇంకొకరికి చెప్పేవాళ్ళుంటారు, జాగ్రత్త.

ఇక ఆపరేషన్ సంగతి. పాత పద్ధతి రావిచ్ ఆపరేషన్, 1949 నాటిది. రొమ్ము మీద కోసి, వంకరగా పెరిగిన మృదులాస్థిని తీసేసి, ఎముకని కోసి సరిచేసి నిలబెడతారు. రెండు వైపులా ఒకేలా లేని ఛాతీలకి, కొన్ని కష్టమైన కేసులకి ఇప్పటికీ అదే చేస్తారు. మాకు చేసింది నస్ ఆపరేషన్. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో డొనాల్డ్ నస్ అనే పిల్లల సర్జన్ 1987లో మొదలుపెట్టారు. పదేళ్ళు చేసి చూశాకే, 1998లో 42 మంది పిల్లల ఫలితాలతో ప్రచురించారు. పిల్లల ఛాతీ మెత్తగా వంగుతుంది కదా, మృదులాస్థి కోయడం ఎందుకు, లోపలి నుంచి ఎత్తి పట్టుకుంటే అదే ఆ ఆకారానికి వస్తుంది కదా అన్నది ఆయన ఆలోచన. పళ్ళకి క్లిప్పులు పెట్టినట్టే అనుకోండి. రెండు చంకల కిందా చిన్న కోత పెడతారు, పక్కనుంచి కెమెరా పంపి చూస్తూ, గుండెకి రొమ్ము ఎముకకి మధ్యలోంచి వంచిన లోహపు బార్ దూరుస్తారు. దూర్చేటప్పుడు దాని వంపు వెన్ను వైపు ఉంటుంది. లోపలికి పోయాక దాన్ని ఒక్కసారి తిరగేస్తారు, అంతే, గుంట అక్కడికక్కడే లేస్తుంది. రెండు మూడేళ్ళు బార్ లోపలే ఉంచి తర్వాత తీసేస్తారు. పన్నెండు నుంచి పద్దెనిమిది లోపు మంచి వయసు అన్నారు. మరీ చిన్నప్పుడు చేస్తే ఎదుగుదలలో మళ్ళీ గుంట పడొచ్చు. పెద్దవాళ్ళకి కూడా చేస్తారు కానీ ఎముక బిగిసి ఉంటుంది కాబట్టి నొప్పి ఎక్కువ, ఒక్కోసారి రెండు బార్లు కావాలి.

ప్రమాదాలు దాచలేదు. బార్ జరగొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు, చాలా అరుదే అయినా గుండెకి గాయం కావచ్చు అని కాగితం మీద రాసి, ఒక్కొక్కటీ వివరించి మరీ సంతకం తీసుకున్నారు. "ఇప్పటిదాకా మీరెన్ని చేశారు, గుండె సర్జన్ దగ్గర్లో ఉంటారా" అని మా వారు అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పారు. మీరూ అడగండి. స్టీల్ బార్‌లో నికెల్ ఉంటుంది, కొందరికి పడదు, అందుకని ముందే చర్మం మీద ప్యాచ్ పెట్టి పరీక్ష చేశారు. పడకపోతే టైటానియం బార్ తెప్పిస్తారు. మా వాడికి పడింది కాబట్టి స్టీలే పెట్టారు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. బయటికి తెచ్చాక దుప్పటి కాస్త తీసి చూశాను, గుంట లేదు. పదిహేనేళ్ళుగా నా చేతికి తెలిసిన ఆ సొట్ట లేదు. కాసేపు అలా చూస్తూనే ఉండిపోయాను.

ఆ రాత్రి గురించి రాయాలి, ఎందుకంటే ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి అంత ఘోరంగా గడిచేది కాదు. నొప్పికి క్రయో చేస్తాం అన్నారు. ఆపరేషన్‌లోనే పక్కటెముకల నరాల్ని ఒక్కొక్కదాన్ని దాదాపు రెండు నిమిషాలు, సున్నా కింద 60 డిగ్రీల దాకా చల్లబరిచి మొద్దుబారేలా చేస్తారు. నరాలు మళ్ళీ వాటంతటవే బాగవుతాయి. ఇదివరకు ఎపిడ్యూరల్, అంటే వెన్నులో సన్నటి గొట్టంతో నొప్పి మందు, పెట్టి నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉంచేవాళ్ళు, క్రయో వచ్చాక చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే ఇంటికి పోతున్నారు. ఇదంతా విని మేము నొప్పే ఉండదనుకున్నాం. మాకెవరూ చెప్పని విషయం ఏంటంటే, క్రయో పూర్తిగా పనిచేయడానికి చాలా గంటలు పడుతుంది, ఒక్కోసారి మర్నాటి దాకా. ఆలోపు వేరే మందులతోనే నొప్పిని ఆపాలి, అవి టైముకి పడాలి. సరిగ్గా డ్యూటీ మారే టైములో వాడి మందు డోసు తప్పింది. గుండెల మీద బండ పెట్టినట్టుంది అంటున్నాడు, ఊపిరి సగమే తీస్తున్నాడు, నేను మూడుసార్లు కౌంటర్ దగ్గరికి వెళ్ళాను, మూడుసార్లూ "వస్తున్నామమ్మా" అన్నారు. గంటన్నర పట్టింది. పిల్లాడు అరవలేడు, ఏడవలేడు, ఏడిస్తే ఇంకా నొప్పి. తర్వాత వచ్చిన సిస్టర్ చాలా మంచామె, తల నిమిరి, మందు వేసి, పక్కనే నిలబడింది. కానీ ఆ గంటన్నరని నేను మర్చిపోను, డిశ్చార్జ్ రోజు కంప్లైంట్ రాసే వచ్చాను. మీరు చేయించుకుంటే ముందే అడిగి రాసుకోండి: ఏ మందు, ఎన్ని గంటలకొకసారి, రాత్రి ఎవరిని పిలవాలి.

మర్నాటికి నిజంగానే మొద్దుబారింది. ఎక్స్‌రేలో కొంచెం గాలి కనిపించి కంగారుపడ్డాం, అది రెండు రోజుల్లో తనంతట తనే పోయింది. లోపలికి గాలి పీలిస్తే బంతులు లేచే స్పైరోమీటర్ ఇచ్చారు, గంటకి పదిసార్లు పీల్చాలి. నొప్పి అని మానేస్తే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, బతిమాలైనా పీల్పించండి. ఇంకోటి, చెప్పడానికి ఎవరూ ఇష్టపడరు, గట్టి నొప్పి మందులకి మలబద్ధకం వచ్చేస్తుంది. ఛాతీలో బార్ పెట్టుకుని ముక్కడం అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి రోజు నుంచే దానికి మందు అడగండి. మాకు నాలుగో రోజు చెప్పారు.

మూడో రోజు ఇంటికొచ్చాం. మొదటి మూడు వారాలు నేనూ వాడూ ఒకే గదిలో పడుకున్నాం. వెల్లకిలా, వీపు కింద దిండ్లతో సగం కూర్చున్నట్టే పడుకోవాలి, పక్కకి తిరగకూడదు. లేపేటప్పుడు చేతులు పట్టి లాగకూడదు, వీపు వెనక చెయ్యి వేసి మొత్తంగా లేపాలి. నడుము మెలితిప్పకూడదు, బరువులు ఎత్తకూడదు, బడికి వెళ్ళాక కూడా చాలా రోజులు పుస్తకాల సంచీ వేరేవాళ్ళు మోసిపెట్టాలి. ఆరు వారాలకి మెల్లగా అలవాటు పడ్డాడు, మూడు నెలలు దాటాక ఆటలకి ఒప్పుకున్నారు. రొమ్ము మీద చర్మం మాత్రం చాలా నెలలు స్పర్శ లేకుండా ఉంది, తిరిగొచ్చేటప్పుడు జిల్లుమని, చీమలు పాకినట్టు ఉండేదట. కొంచెం భయపడ్డాడు, అది నరం బాగవుతున్న గుర్తు అని ఫోన్‌లోనే చెప్పారు.

తర్వాత మూడేళ్ళు బార్ ఉన్న సంగతే మర్చిపోయాడు. మేము మర్చిపోకూడనిది ఒకటుంది. బార్ ఉన్న మనిషికి ఎప్పుడైనా గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి మామూలు కంటే ఎక్కువ బలం కావాలి, షాక్ ఇచ్చే ప్యాడ్లు ఒకటి ముందు, ఒకటి వీపు వెనక పెట్టాలి. ఇది రాసిన కార్డు వాడి పర్సులో ఒకటి, బడిలో ఒకటి పెట్టాం. ఎం.ఆర్.ఐ. అంటే ముందే బార్ సంగతి చెప్పాలి.

బార్ తీయడానికి ఒక్క రోజే పట్టింది. మళ్ళీ మత్తు ఇచ్చి, పాత మచ్చల్లోంచే తెరిచి, బార్ కొసలు తిన్నగా చేసి లాగేశారు. మర్నాడు వాడే నడుచుకుంటూ కారెక్కాడు. చిన్న పని అనుకుని ఎక్కడపడితే అక్కడ తీయించకండి, అరుదుగా రక్తస్రావం అవుతుంది, పెట్టిన చోటే తీయించుకోవడం మంచిది.

ఏది బాగవలేదో కూడా చెప్తాను. పక్కటెముకల కింది అంచులు రెండు వైపులా కొంచెం పైకి లేచి ఉండేవి, అవి ఇప్పటికీ ఉన్నాయి. చంకల కింద మచ్చలున్నాయి. వంగిన భుజాలు ఎముకతో పాటు వాటంతటవే సరికాలేదు, ఏడాది పాటు ఫిజియోథెరపీ చేయించాం, ఇంకా అప్పుడప్పుడు గుర్తుచేయాల్సి వస్తుంది. గుంట మాత్రం తిరిగి రాలేదు. పోయిన నెల సైకిల్ పరీక్ష మళ్ళీ చేశారు, మూడేళ్ళ క్రితం ఆగిపోయిన చోటు దాటి ఇంకా తొక్కుతూనే ఉన్నాడు, చివరికి టెక్నీషియనే చాలు ఆపమన్నాడు.

ఇది ఒకే కుటుంబంలో ఇంకొకరికి రావడం మామూలేనని సర్జన్ గారు మొదట్లోనే చెప్పారు. మా చిన్నదానికి పదకొండేళ్ళు. మొన్న తల దువ్వుతుంటే రొమ్ము మధ్యలో చెయ్యి తగిలి చిన్న పల్లంలా అనిపించింది, నా భ్రమో నిజమో తెలియదు. వచ్చే వారం తీసుకెళ్తున్నాను, తిన్నగా ఈ సర్జన్ గారి దగ్గరికే. అది "నాకేం లేదమ్మా" అంటోంది. వాళ్ళన్నయ్య మాత్రం "నువ్వూరుకో, కొలిపించుకునే రా" అన్నాడు.